మగబిడ్డల్లో పుట్టుకతో వచ్చే మూత్రపు అడ్డంకి: కర్నూలు, కడప ప్రాంతాల్లో గుర్తింపు, చికిత్స

మూత్రాశయంలో చేరిన మూత్రం బయటికి రావడానికి ఉన్న దారి ఒక్కటే. ఆ దారికి పుట్టుకతోనే అడ్డు ఏర్పడటం మగబిడ్డలకు వచ్చే జన్మలోపాల్లో బాగా ప్రమాదకరమైనది. మూత్రాశయం నుంచి శిశ్నం చివరిదాకా వచ్చే గొట్టాన్ని ప్రసేకం అంటారు. దాని వెనుక భాగంలో ఏర్పడే పలుచటి పొరలే ఈ అడ్డంకికి అన్నిటికన్నా ముఖ్య కారణం. వైద్యులు వీటిని పోస్టీరియర్ యురెత్రల్ వాల్వ్స్ అంటారు. కేసు షీటు మీద పీయూవీ అని రాస్తారు. సుమారు 5,000 నుంచి 8,000 మంది మగపిల్లల్లో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. ఆడపిల్లలకు ఈ జబ్బు రాదు. దీనితో పుట్టినవాళ్ళలో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా, చిన్నతనంలోనో పడుచుతనం వచ్చేసరికో, కిడ్నీలు పూర్తిగా చెడి డయాలసిస్ దాకా పోతారు.

ఎంత తొందరగా పట్టుకుంటే అంత మంచిదన్న మాట ఈ జబ్బు విషయంలో సగమే నిజం. కిడ్నీలకు జరిగే నష్టంలో కొంత తల్లి కడుపులోనే జరిగిపోతుంది. దాన్ని ఏ ఆపరేషనూ వెనక్కి తేలేదు. మిగిలిన నష్టం పుట్టిన తర్వాత రోజురోజుకూ జరుగుతుంది. మనుషుల చేతిలో ఉన్నది ఈ రెండో వాటాయే. కర్నూలు, కడప వంటి ఎండసీమలో కాలం వృథా అయ్యేదీ ఎక్కువగా ఇక్కడే.

అడ్డంకి తీరు

గర్భంలో 9 నుంచి 14 వారాల మధ్య ప్రసేకం రూపు దిద్దుకునేటప్పుడు, పక్కకు సర్దుకుపోవాల్సిన మడతలు ముందువైపు అతుక్కుని పొరగా మిగిలిపోతాయి. మూత్రం పైనుంచి కిందికి వచ్చినప్పుడు ఆ పొర ఉబ్బి దారి మూస్తుంది. కింది నుంచి ట్యూబు పెడితే మాత్రం చాలాసార్లు సులువుగానే పైకి పోతుంది. అందుకే "ట్యూబు బాగానే పోయింది, అడ్డమేమీ లేదు" అనుకోవడం పొరపాటు. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి యూరాలజిస్టు హ్యూ హాంప్టన్ యంగ్ 1919లో ఈ పొరలను మూడు రకాలుగా విభజించాడు. రోగుల్లో నూటికి 95 మందికి ఉండేది మొదటి రకమే. రెండో రకం అసలు అడ్డంకే కాదని తర్వాతివాళ్ళు తేల్చారు. అయినా పాఠ్యపుస్తకాల్లో యంగ్ వర్గీకరణ ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

కర్నూలు-కడప (కేసీ) కాలువలో కింది తూము బిగిసిపోతే పైనున్న గట్లన్నీ ఉబ్బి, బలహీనంగా ఉన్నచోట తెగినట్టే ఇక్కడా జరుగుతుంది. మూత్రాశయం బలవంతంగా తోసి తోసి కండపట్టి మందమవుతుంది. లోపలి గోడ చారలు దేరి, అక్కడక్కడ తిత్తులు పడుతుంది. దానికి పైనున్న మూత్రనాళాలు వంకరలు తిరిగి ఉబ్బుతాయి. రమారమి సగం మంది పిల్లల్లో మూత్రం వెనక్కి, కిడ్నీల వైపు తంతుంది. కొందరిలో ఒక్క కిడ్నీయే ఒత్తిడంతా మింగి చెడిపోయి, రెండోదాన్ని కాపాడుతుందని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. దీర్ఘకాలం గమనిస్తే ఆ కాపుదల అనుకున్నంత నమ్మదగ్గది కాదని తేలింది.

కడుపులో ఉండగా

16 వారాలు దాటాక ఉమ్మనీటిలో ఎక్కువ భాగం శిశువు మూత్రమే. దారి మూసుకుపోతే ఉమ్మనీరు తగ్గుతుంది. ఉమ్మనీరు లేకపోతే ఊపిరితిత్తులు ఎదగవు. పీయూవీతో పుట్టిన బిడ్డ మొదటి రోజే చనిపోతే కారణం సాధారణంగా కిడ్నీ కాదు, ఊపిరి అందకపోవడమే.

మన ప్రాంతంలో ఐదో నెలలో చేసే స్కానుకు టిఫ్ఫా అనే పేరు స్థిరపడింది. 18 నుంచి 20 వారాల మధ్య చేసే ఈ స్కానులో మూత్రాశయం పెద్దదిగా, మందంగా ఉండటం, దాని కింద ప్రసేకం ఉబ్బి తాళంచెవి కన్నం ఆకారంలో కనబడటం, రెండు కిడ్నీలూ నీరు పట్టడం ఈ జబ్బుకు ఆనవాళ్ళు. 24 వారాలకు ముందే ఇవి బయటపడితే జబ్బు తీవ్రంగా ఉందని అర్థం. ముందే గుర్తించినవాళ్ళలో ఫలితాలు బాగా లేవని కొన్ని అధ్యయనాలు చెప్పడానికి కారణం ఇదే: స్కానులో ముందు దొరికేవి గట్టి అడ్డంకులు. అలాగని స్కాను దండగ అనుకోకూడదు. అడ్డంకి కొద్దిగా ఉన్న పిల్లల్లో ఐదో నెల స్కాను మామూలుగానే ఉండి, ఏడు, ఎనిమిది నెలల స్కానులో కిడ్నీల్లో నీరు కనబడొచ్చు. "టిఫ్ఫాలో బాగుందన్నారు" అన్న భరోసా వీళ్ళకు పనికిరాదు.

ఇక్కడ మన చట్టంతో ముడిపడిన చిక్కు ఒకటి ఉంది. లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం, దానికి 2003లో చేసిన సవరణల ప్రకారం, స్కాను చేసినవాళ్ళు శిశువు ఆడో మగో మాటతో గానీ సైగతో గానీ మరే విధంగా గానీ చెప్పకూడదు. పీయూవీ మగబిడ్డలకే వస్తుంది కాబట్టి రిపోర్టులో ఆ పేరు రాస్తే లింగం చెప్పినట్టే. అందుకని మూత్రాశయం కింద అడ్డంకి అనుమానమని, లేదా రెండు కిడ్నీల్లో నీరు, మూత్రాశయం పెద్దదిగా ఉందని రాయడం క్షేమం. ఆ మాటలు చదివే వైద్యుడికి సంగతి అర్థమవుతుంది. ఇంట్లోవాళ్ళకు మాత్రం అదేదో చిన్న విషయంలా తోస్తుంది, కాగితం సంచిలోకి పోతుంది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం, బిడ్డకు ఐదో నెలలోనో ఆ తర్వాతో తల్లీబిడ్డా అత్తవారింటికి చేరడం మన ఆనవాయితీ. స్కాను కాగితాలు ఒక ఊళ్ళో, బిడ్డ ఇంకో ఊళ్ళో ఉండిపోతే, పుట్టాక వారంలో చేయించమన్న పరీక్షను గుర్తు చేసేవారుండరు. కడుపులో ఉండగానే నీరు కనబడిన కిడ్నీ సంగతిని తల్లికిచ్చే కార్డు మీదే పెద్దక్షరాలతో రాస్తే సగం బాధ తీరుతుంది.

గర్భంలోనే శిశువు మూత్రాశయానికి సన్నటి గొట్టం అమర్చి మూత్రాన్ని ఉమ్మనీటిలోకి వదిలే చికిత్సను 1980ల మొదట్లో మొదలుపెట్టారు. దాని లాభనష్టాలు తేల్చడానికి బ్రిటన్‌లో ప్లూటో పేరుతో ఒక పరీక్ష తలపెట్టారు. చాలినంత మంది గర్భిణులు దొరకక 31 మందితోనే ఆపేసి, 2013లో ఫలితాలు ప్రచురించారు. గొట్టం పెట్టిన శిశువులు బతకడం కొంత మెరుగుపడవచ్చు గానీ, మామూలు కిడ్నీలతో మిగిలేవాళ్ళు బహు తక్కువని దాని సారాంశం. నెలలు నిండకముందే కాన్పు చేయించడం వల్లా కిడ్నీలకు మేలు జరగదు; ఊపిరితిత్తులకు కీడు మాత్రం జరుగుతుంది. నెలలు నిండనిచ్చి, నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ ఉన్న ఆసుపత్రిలో కాన్పు జరిగేలా చూడటమే చాలామందికి సరైన దారి.

వేడి చేసిందనే అనుమానం

ఆరోగ్యంగా పుట్టిన బిడ్డల్లో నూటికి 90 మందికి పైగా మొదటి 24 గంటల్లో, దాదాపు అందరూ 48 గంటల్లోపు మూత్రం పోస్తారు. మగబిడ్డ లంగోటీ విప్పగానే ధార ఎగజిమ్మి ఎత్తుకున్నవాళ్ళ ముఖాన పడటం ఇంటింటా నవ్వులాటే. ఆ నవ్వులాట ఎప్పుడూ జరగని ఇంట్లో ఒకసారి ఆగి చూడాలి. ధార సన్నగా ఉందా, చుక్కలు చుక్కలుగా పడుతోందా, పోసేటప్పుడు బిడ్డ ముఖం ఎర్రబడేలా ముక్కుతున్నాడా, పోశాక కూడా పొత్తికడుపు గట్టిగా బంతిలా చేతికి తగులుతోందా? అలాగని ధార బాగుంటే జబ్బు లేదని తీర్మానించలేం. మందమెక్కిన మూత్రాశయం కొన్నేళ్ళపాటు ధారను మామూలుగానే నెట్టుకురాగలదు.

రాయలసీమలో మూత్రం మంటగా, పచ్చగా, తక్కువగా వస్తే ముందు వినబడే మాట "వేడి చేసింది." సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, ధనియాల కషాయం, మజ్జిగ మొదలవుతాయి. వేసవిలో 44 డిగ్రీలు దాటే ఊళ్ళలో ఈ ఊహ చాలాసార్లు సరైనదే. దాన్ని వెక్కిరించాల్సిన పని లేదు. చిక్కల్లా ఎక్కడంటే, నెలల పసిబిడ్డకు పదేపదే జ్వరం వచ్చి, మూత్రం సరిగా రాక, బరువు పెరగకపోయినా అదే మాటతో వారాలు గడిచిపోవడం. పసిబిడ్డకు కారణం తెలియని జ్వరం వస్తే మూత్ర పరీక్ష చేయాలి. మగబిడ్డకు ఒక్కసారి మూత్రంలో చీము కనబడినా కిడ్నీల స్కాను తప్పనిసరి.

ఇంకా ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఇంకో వేషంలో వస్తారు. ఐదారేళ్ళ పిల్లవాడు పగలూ రాత్రీ బట్టలు తడుపుకుంటాడు. ఇంట్లో తిట్లో దెబ్బలో తింటాడు, లేదంటే తాయెత్తు కట్టించుకుంటాడు. వయసుకు తగ్గ ఎత్తు ఉండడు, రక్తం పట్టదు. కిడ్నీలు చెడినప్పుడు ఎముకలు మెత్తబడి మోకాళ్ళు లోపలికి వంగుతాయి. కర్నూలు, కడప జిల్లాల్లో కొన్ని చోట్ల బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ ఊళ్ళలో పిల్లవాడి కాళ్ళు వంగితే తప్పు నీళ్ళదేననుకోవడం సహజం. వంకర కాళ్ళకు ఎక్స్‌రేతో పాటు రక్తంలో క్రియాటినిన్ కూడా చూస్తే ఈ పొరపాటు జరగదు.

కర్నూలు జిల్లా పశ్చిమాన కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల నుంచి కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపో, కూలి పనులకు హైదరాబాదు, బెంగళూరుకో వలస పోవడం ఏటా ఉన్నదే. బిడ్డ వెంట పోతాడు. ఆశా కార్యకర్త పుట్టిన 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి చూడాల్సిన బిడ్డ ఆ తర్వాత ఏ ఊళ్ళో ఉంటాడో చెప్పలేం. జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వెళ్ళి 30 రకాల ఆరోగ్య సమస్యలను వెతుకుతాయి. గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండె జబ్బు వాటిలో ఉన్నాయి. మూత్రపు అడ్డంకి లేదు. ఆశా వచ్చే ఆ ఆరుసార్లలో ధార గురించి ఒక్క ప్రశ్న చేర్చడానికి పైసా ఖర్చు కాదు.

పరీక్షలు

పుట్టిన మొదటి రోజు బిడ్డ రక్తంలో కనిపించే క్రియాటినిన్ తల్లిదే. ఆ అంకె చూసి భయపడటానికీ ధైర్యపడటానికీ ఏమీ లేదు. రెండు రోజులు దాటాక దాని నడక చూడాలి. కిడ్నీల స్కాను కూడా అంతే. మొదటి ఒకటి రెండు రోజులు బిడ్డకు మూత్రం తక్కువ కాబట్టి వాపు తక్కువగా కనబడవచ్చు. అయితే పీయూవీ అనుమానం గట్టిగా ఉన్నప్పుడు ఆగకుండా వెంటనే చేసి, తర్వాత మళ్ళీ చేస్తారు.

జబ్బును తేల్చేది ఎంసీయూ అనే ఎక్స్‌రే పరీక్ష. బిడ్డను బల్లమీద పడుకోబెట్టి, సన్నటి ట్యూబు ద్వారా మూత్రాశయాన్ని అయోడిన్ కలిసిన ద్రవంతో నింపుతారు. ఆ తర్వాత అంతా ఓపికే. బిడ్డ మూత్రం పోసేదాకా రేడియాలజిస్టు, టెక్నీషియన్, సీసపు ఏప్రాన్ తొడిగిన తల్లి కాచుకుని ఉండాలి. పోసే ఆ కాసిన్ని క్షణాల్లో బిడ్డను పక్కకు ఒరగబెట్టి తీసిన బొమ్మలోనే వెనుక ప్రసేకం ఉబ్బి, దాని కింద దారి ఉన్నట్టుండి సన్నబడటం కనబడుతుంది. ఆ క్షణం తప్పితే మిగిలేది నిండిన మూత్రాశయం బొమ్మ మాత్రమే. దాన్ని చూసి జబ్బు లేదని చదివే ప్రమాదం ఉంది. నేరుగా ఎదుటి నుంచి తీసిన ఒక్క ఫిల్ముతో వచ్చిన ఎంసీయూను నమ్మకూడదు.

ట్యూబు గంటల్లో, కోత రోజుల్లో

చికిత్సలో తొందర దేనికి, నిదానం దేనికి అన్నది తేటగా తెలియాలి. గంటల్లో జరగాల్సింది మూత్రాశయాన్ని ఖాళీ చేయడం. దానికి 5 లేదా 6 ఫ్రెంచ్ సైజు ఫీడింగ్ ట్యూబు చాలు. బెలూన్ ఉన్న ఫోలీ క్యాథెటర్ పసిబిడ్డకు అంత మంచిది కాదు. చిన్న మూత్రాశయంలో ఆ బెలూన్ మూత్రనాళాల నోళ్ళను నొక్కేయగలదు. ట్యూబు పడ్డాక మూత్రం వరదలా రావచ్చు. పోయిన నీటినీ ఉప్పునూ సెలైన్ రూపంలో లెక్కగట్టి ఇవ్వాలి. రక్తంలో పెరిగిన పొటాషియం, ఆమ్లత్వం సరిచేసి, చీముకు యాంటీబయాటిక్ ఇచ్చాకే మత్తుమందు మాట. ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో రాయచోటిలోనో ఉన్న పిల్లల వైద్యుడు ఈ ట్యూబు పెట్టి, కట్టు వేసి, మూత్రం కొలత రాసి పంపితే, పెద్దాసుపత్రికి చేరడంలో ఒకరోజు ఆలస్యమైనా కిడ్నీకి పెద్ద నష్టం ఉండదు. ట్యూబు లేకుండా పంపితే ఆ దారి పొడవునా నష్టం జరుగుతూనే ఉంటుంది.

పొరను తొలగించడం ఆ తర్వాత కొద్ది రోజుల్లో చేసే పని. 8 లేదా 9 ఫ్రెంచ్ లావున్న పిల్లల సిస్టోస్కోపును లోపలికి పంపి, గడియారం ముల్లు లెక్కలో 5, 7, 12 గంటల స్థానాల్లో పొరను చల్లటి కత్తితోనో, విద్యుత్ వేడితోనో, లేజరుతోనో కోస్తారు. మొత్తం పొరను గీకేయాల్సిన పని లేదు. అక్కడక్కడ తెంపితే చాలు, అతిగా కాలిస్తే ప్రసేకం మచ్చపడి ముడుచుకుపోతుంది. పసిపిల్లలకు సరిపోయే సిస్టోస్కోపులు మన దేశంలో అన్నిచోట్లా దొరకని కాలంలో, కేరళకు చెందిన పిల్లల శస్త్రవైద్యుడు మోహన్ అబ్రహాం కెమెరా అక్కర్లేని ఒక కొక్కెపు పరికరాన్ని రూపొందించి 1990లో ప్రచురించారు. మోహన్ వాల్వోటోమ్ పేరుతో అది చాలా భారతీయ ఆసుపత్రుల్లో వాడుకలోకి వచ్చింది. నెలలు నిండక పుట్టి, ప్రసేకం మరీ సన్నగా ఉన్న బిడ్డకు పొత్తికడుపు మీద మూత్రాశయాన్ని తెరిచి ఉంచే వెసికోస్టమీ చేస్తారు. లంగోటీలోకే మూత్రం కారుతూ ఉంటుంది. ఏడాదో రెండేళ్ళో గడిచాక పొర కోసి మూసేస్తారు. దూరాభారం వల్ల మళ్ళీ మళ్ళీ రాలేని కుటుంబానికి కొన్నిసార్లు ఇదే క్షేమం. పుస్తకాలు దీన్ని రెండో వరసలో పెట్టినా, మన పల్లెల కోణం నుంచి చూస్తే అంత తీసిపారేయాల్సిన మార్గం కాదు.

కోశాక మూడు నెలల్లో మళ్ళీ ఎంసీయూనో, సిస్టోస్కోపీయో చేసి పొర మిగిలిందేమో చూడాలి. మొదటి ఏడాదిలో క్రియాటినిన్ దిగిన అతి తక్కువ అంకె డెసిలీటరుకు 0.8 మిల్లీగ్రాముల లోపుంటే కిడ్నీల భవిష్యత్తు మీద ఆశ పెట్టుకోవచ్చు. 1 దాటి నిలబడిపోతే ముందు జాగ్రత్త పడాలి.

సున్తీ ప్రస్తావన కూడా ఇక్కడ అవసరం. మగపిల్లల్లో సున్తీ మూత్రపు చీమును తగ్గిస్తుంది. పీయూవీ ఉన్న పిల్లల్లో జ్వరంతో వచ్చే ఇన్‌ఫెక్షన్లు దానితో బాగా తగ్గినట్టు ఫ్రాన్స్‌లో జరిగిన ఒక పరీక్ష చూపింది. కర్నూలు, కడప, ఆదోని, ప్రొద్దుటూరుల్లోని ముస్లిం కుటుంబాల్లో ఒడుగులు కొన్నేళ్ళ వయసులో పండుగలా చేయడం ఉంది. ఈ జబ్బున్న బిడ్డకు మాత్రం పొర కోసే రోజే, అదే మత్తులో, సర్జను చేతనే చేయించుకోవడం మేలు.

ఎండసీమలో నీటి లెక్క

దెబ్బతిన్న కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేదు. నీళ్ళు తక్కువ తాగినా, వాంతులవుతున్నా, విరేచనాలవుతున్నా ఈ పిల్లలు తెల్లటి మూత్రం ధారాళంగా పోస్తూనే ఉంటారు. "మూత్రం బాగానే పోస్తున్నాడు కదా, నీరు తగ్గలేదులే" అన్న మామూలు లెక్క వీళ్ళ దగ్గర తిరగబడుతుంది. మే నెలలో నంద్యాలలోనో కడపలోనో రెండు పూటల విరేచనాలు చాలు, పిల్లవాడు వడలిపోవడానికి, క్రియాటినిన్ ఒక్కసారిగా పెరగడానికి. ఇంట్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఎప్పుడూ ఉండాలి. నీళ్ళు అడిగినప్పుడల్లా ఇవ్వాలి. రాత్రి పక్క తడుస్తుందని సాయంత్రం నుంచి నీళ్ళు ఆపడం కీడు చేస్తుంది. ఇలా ఉప్పు పోగొట్టుకునే పిల్లలకు పెద్దల కిడ్నీ జబ్బులో చెప్పినట్టు ఉప్పు మానేయమనడమూ తప్పే.

ఈ అధిక మూత్రమే మూత్రాశయాన్నీ చెడగొడుతుంది. పొర పోయినా గట్టిపడ్డ మూత్రాశయం సాగదు, నిండినట్టు తెలియజేయదు, పూర్తిగా ఖాళీ కాదు. 1980లలో దీనికి వాల్వ్ బ్లాడర్ అని పేరు పెట్టారు. గడియారం చూసి రెండు మూడు గంటలకోసారి పోయించడం, పోశాక కొద్ది నిమిషాలు ఆగి మళ్ళీ పోయించడం మొదటి మెట్టు. తర్వాత ఆక్సీబ్యుటినిన్ వంటి మందులు. అప్పటికీ చాలకపోతే 1972లో లాపిడెస్ అనే వైద్యుడు అందరికీ పరిచయం చేసిన పద్ధతిలో, శుభ్రమైన ట్యూబుతో రోజుకు నాలుగైదుసార్లు ఖాళీ చేయడం, రాత్రంతా ట్యూబు ఉంచడం. మగపిల్లల ప్రసేకంలో స్పర్శ ఉంటుంది కాబట్టి ఇది నొప్పే. ఒప్పించడానికి వారాలు పడుతుంది. అలా కుదరనివాళ్ళకు అపెండిక్స్‌ను గొట్టంగా మలిచి బొడ్డు దగ్గర తెరిచే మిత్రొఫనాఫ్ పద్ధతి 1980 నుంచి ఉంది. బడిలో మరుగుదొడ్డికి నీళ్ళు లేకపోతే ఈ మాటలన్నీ చీటీ మీదే ఉండిపోతాయి. మూత్రం ఆపుకుని మధ్యాహ్నం దాకా కూర్చునే పిల్లవాడి విషయం ఆ బడి పంతులుకు తెలిసి ఉండాలి.

ఎక్కడికి పోవాలి

కర్నూలు వైద్య కళాశాల 1956లో ఏర్పడింది. దానికి అనుబంధమైన సర్వజన వైద్యశాల ఇటు నంద్యాలకూ, అటు గద్వాల, రాయచూరు, బళ్ళారి వైపు పల్లెలకూ పెద్దాసుపత్రి. కడపలో రిమ్స్ 2006లో వచ్చింది. రాజంపేట, రాయచోటి వైపువాళ్ళకు తిరుపతి దగ్గర; అక్కడి స్విమ్స్ ఆసుపత్రిలో యూరాలజీ, నెఫ్రాలజీ రెండూ ఉన్నాయి. వేలూరు సీఎంసీకి పోయేవాళ్ళూ తక్కువ కాదు. కర్నూలు నుంచి హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రి దాకా రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. ఆదోని నుంచి కర్నూలుకే దాదాపు వంద. 2007 ఏప్రిల్‌లో మొదలై, 2008 కల్లా ఉమ్మడి రాష్ట్రమంతా అమలైన ఆరోగ్యశ్రీ పథకం, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, చిన్నపిల్లల జన్మలోపాల శస్త్రచికిత్సలకు వర్తిస్తుంది. బస్సు ఖర్చు, పోగొట్టుకున్న కూలి, మూడు నెలలకోసారి చూపించుకోవడం ఆపరేషన్ అంత ఖరీదైనవే, వాటిని భరించేది మాత్రం కుటుంబమే.

పెద్దయ్యాక

పదేళ్ళ వయసు దాకా నిలకడగా ఉన్న కిడ్నీలు యుక్తవయసులో ఒళ్ళు పెరిగే కొద్దీ భారం మోయలేక తగ్గడం తరచుగా చూస్తారు. ఏటా రక్తపోటు, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూడటం అప్పుడే మరింత అవసరం. పిల్లవాడు ఆసుపత్రికి రానని మొండికేసే వయసూ అదే. పిల్లల సర్జను దగ్గర్నుంచి పెద్దల నెఫ్రాలజిస్టు చేతికి మారేటప్పుడు చాలామంది మధ్యలో జారిపోతారు. వీర్యం బయటికి రావడంలో ఇబ్బందులు కొందరిలో ఉన్నా, ఎక్కువమంది పెళ్ళి చేసుకుని తండ్రులవుతున్నారు. కిడ్నీ మార్పిడి అవసరమైతే దానికి ముందే మూత్రాశయం ఒత్తిడిని యూరోడైనమిక్ పరీక్షతో కొలిచి సరిచేయాలి. ఒత్తిడి తగ్గని మూత్రాశయానికి తల్లో తండ్రో ఇచ్చిన కొత్త కిడ్నీని కలిపితే, మొదటి రెండింటినీ చెడగొట్టిన ఒత్తిడే దాన్నీ చెడగొడుతుంది.